పన్నెండు శాతం

రాత్రి పండుకునేముందు నూటికి నూరు నింపి పెడతా.
పొద్దున బూదగవి బస్సెక్కే లోపలే
పన్నెండు.
ఎర్రగీత, చీమంత.
టీకాలు ఎక్కించాల, బరువులు ఎక్కించాల,
బాలింత వేలిముద్ర పడాల.
తెర నల్లబడతాది. అందులో నా మొగమే కనపడతాది.

ఉరవకొండ చుట్టూ గాలిమరలు,
రేయింబగళ్లు తిరుగుతానే ఉంటాయి.
ఆ కరెంటు యాడికి పోతాదో గానీ
నా టీకాల సంచిలోకి మాత్రం రాదు.

చార్జరు మార్చినా. వైరు మార్చినా.
తోడికోడలు చెప్పిందని బియ్యం డబ్బాలో కూడా పెట్టినా.
"నీళ్లల్లో పడితే కదక్కా బియ్యం!"
పాత బస్టాండు కాడ పక్కీరప్ప నవ్వినాడు.
సోడా బండికీ చెప్పులంగడికీ నడుమ
మనిషి అడ్డం తిరగలేనంత అంగడి ఆయనది.

ట్యాబు వీపు నిమిరినాడు, ఉబ్బిందేమోనని,
నేను పసిబిడ్డల పొట్ట తాకినట్టే.
"ఎన్ని దినాలుగా? పగలా, రాత్రా? ఒళ్లు కాగుతాందా?"
నేను ఇంటింటికీ అడిగే మాటలే.
జవాబు చెప్పేది నాకు కొత్త.

"నింబగల్లు దావలో టవరు దొరక్క ఎతుక్కుంటాందేమో.
ఎతుకులాటకే సగం ప్రాణం పోతాదక్కా."
లొకేషను ఆపినాడు.
ఎవరూ చూడకుండా మేలుకోనుండే వాటినన్నిటినీ
ఒక్కొక్కటే నిద్రపుచ్చినాడు.
"రెండు దినాలు చూడు."

రెండు దినాలు చూసినా. పన్నెండు.
ఒకరోజు తొమ్మిది.

ఈసారి ఎవురెంత తిన్యారో పట్టీ తెరిచినాడు.
తెర వెలుతురే తినేసింది, నూటికి డెబ్బై.
గీత చూపించినాడు. పగలంతా చదును,
రాత్రి పదకొండున్నర నుంచి నాలుగు దాకా గుట్ట.
"ఇంట్లో పిల్లోళ్లేమన్నా..."
పిల్లోడు గుత్తి హాస్టల్లో ఉండాడు.
ఇంట్లో నేనూ, ఆయనా, మగ్గమూ.

అబద్ధమెందుకు, చెడ్డదే ముందు తోచింది.
రమ్మీ అనుకున్యా. ఇంకోటి కూడా అనుకున్యా.
పక్కీరప్ప పంకా దిక్కు చూస్తా కూర్చున్యాడు.
ఆయనా అనుకున్యాడు.

ఆ రాత్రి నిద్రపోయినట్టు గోడకు తిరిగి పండుకున్యా.
తలకాడ ట్యాబును చెయ్యి మెల్లగా తీసుకుంది.
మగ్గం ఆడలేదు. మాట లేదు, నవ్వు లేదు.
లేసి పోయి గడపకాడ నిలబడినా.

గుంతలో కూచోని ఉండాడు మా చౌడప్ప.
పడుగు కింద నా ట్యాబు, నిండు వెలుతురుతో.
'కొత్త బిడ్డ నమోదు' పేజీ తెరిచి పెట్టినాడు.
పేరు ఖాళీ, బరువు ఖాళీ, తల్లి ఖాళీ.
అన్నిటికంటే తెల్లగా ఉండేది అదే మరి.
ఆ తెలుపు మీద నెమలికంఠం పట్టు,
తెగిన పోగు కోసం వేళ్లు తడుముతాండాయి.

పైన బల్బు వెలుగుతానే ఉండాది.

ఊరి ముసలోళ్ల కండ్లల్లోకి టార్చి ఏసి
పొర కమ్మిందా అని చూసే మనిషిని నేను.
ఈ కండ్లల్లోకి ఎప్పుడు చూసినానో
ఎంత ఆలోచన చేసినా గుర్తుకు రాలేదు.

"కింద నుంచైతే కనపడతాది" అన్యాడు తలెత్తకుండానే.
"ఎప్పటి నుంచి?"
"దసరా ముందు చీర నుంచి."

"పాతదైపోయింది, బ్యాటరీ మార్చు" అంటే
పక్కీరప్ప కసిరినాడు:
"బాగుండేదాన్ని పీకమంటావేందక్కా?"
దుడ్లు కూడా తీసుకోలేదు.

ఈ రాత్రి చార్జరు వైరు గుంత దాకా లాగినా.
జానెడు చాల్లేదు.
ట్యాబును నేనే పట్టుకోని కూచున్యా, పడుగు కింద,
చేతులు పైకెత్తి.
ఆయన పోగులు లెక్క పెడతాండాడు, గొణుగుతా.
నేనూ పెడతాండా, మనసులో.

ఆయనకు అరవై మూడు వచ్చినాయి.
నాకు అరవై నాలుగు.

"మళ్లీ మొదట్నుంచి" అన్యా.